మూతబడిన విమాన కంపెనీకి సాక్ష్యం చెప్పడానికి ఓమన్ వెళ్ళొచ్చాను

కిటికీ సీటు

విమానం ఎక్కితే నాకు కిటికీ సీటే కావాలి, అదీ రెక్క కనిపించే చోట. దిగేముందు రెక్క వెనక అంచున పలకలు కిందికి వాలతాయి కదా, అవి సమంగా వాలాయో లేదో చూసుకుంటే గాని నాకు కుదురుండదు. మస్కట్‌లో దిగుతుండగా పక్క సీటాయన నా భుజం తట్టి, “కొండలు చూడండి సార్, ఒక్క చెట్టు లేకపోయినా ఎంత బాగున్నాయో!” అన్నాడు. “అక్కడ మూడో మర దగ్గర రంగు లేచిపోయింది, చూశారా?” అన్నాను నేను. పాపం, ఆయన దిగేదాకా మళ్ళీ నోరెత్తలేదు. బెల్టు మాత్రం ఇంకాస్త బిగించుకున్నాడు.

ఇది వృత్తి తెచ్చిపెట్టిన జబ్బు. నేను బొంబాయి విమానాశ్రయంలో పద్నాలుగేళ్ళు ఒక అమెరికన్ విమాన కంపెనీలో పనిచేశాను. మొదట మెకానిక్కుని, తరవాత ఇన్‌స్పెక్టర్ని. కంపెనీ పేరు చెప్పను. చెబితే ఈ కాలం పిల్లలు “ఎప్పుడూ వినలేదే” అంటారు, నాకు బీపీ పెరుగుతుంది. ఉత్తరాల సంచులు మోసే బుల్లి విమానాలతో మొదలై, సముద్రాల మీద దారులు వేసి, భూగోళాన్ని చుట్టొచ్చేంతగా ఎదిగిన కంపెనీ అది. మా జంబో బొంబాయిలో దిగిందంటే మిగతా కంపెనీల వాళ్ళు కూడా చేతిలో పని ఆపి చూసేవారు. ఆ విమానం కింద నిలబడి పైకి చూసినప్పుడల్లా, కాకినాడ మెయిన్ రోడ్డులో సైకిలు పంక్చర్లు వేసిన నేనేనా ఇక్కడున్నది అనిపించేది.

తరవాత చమురు ధర మండిపోయింది. జంబోల్లో సగం సీట్లు ఖాళీగా ఎగిరాయి. ఇల్లు నిలబెట్టుకోవడానికి ఒక్కొక్క గదీ అమ్ముకున్నట్టు, కంపెనీ తను వేసిన దారులే ఒక్కొక్కటిగా అమ్ముకుంది. చివరికి ఒక చలికాలపు ఉదయం మా ఆఫీసు టెలెక్స్ మిషను నాలుగు లైన్లు కొట్టి ఆగిపోయింది. మెడలో వేలాడే కార్డులు తిరిగిచ్చి ఇంటికి వెళ్ళాం. నేను హైదరాబాదు వచ్చి, లిఫ్టుల కంపెనీలో ఇన్‌స్పెక్టరుగా చేరి రిటైరయ్యాను. పైకి వెళ్ళి కిందికి దిగే పనేగా అని మా ఆవిడ వేళాకోళం చేసేది.

ముప్పై ఏళ్ళకి పైగా గడిచాక, రెండు నెలల కిందట ఒక ఫోను. “సార్, గుర్తువట్టిన్రా? నేను రాజమల్లును. బొంబాయిల మీ షిఫ్టు.”

గుర్తుపట్టకేం! జగిత్యాల వైపు నుంచి భివండి మరమగ్గాలకు వలసపోయిన నేతకారుల ఇంటివాడు. మా దగ్గర విమానం లోపల తుడిచే పనిలో చేరాడు. తుడుస్తూ తుడుస్తూ ప్రతి మరా ఎందుకో అడిగి, కొన్నేళ్ళకి మెకానిక్కయ్యాడు. నేను ఇన్‌స్పెక్టరుగా ఉన్న ఏడేళ్ళూ అతని పనిలో తప్పు పట్టాలని చాలాసార్లు చూశాను, దొరకలేదు.

అతని కష్టం ఇదీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఓమన్‌లోని సమాయిల్‌లో ఖర్జూర తోటల నీటి పంపులు బాగుచేస్తున్నాడు. ఆ వర్క్‌షాపు మూసేస్తున్నారు. వీసాకి ఇంకా కొద్ది వారాలే గడువు. నిజ్వా అవతల విమాన మెకానిక్కుల్ని తయారుచేసే ఒక శిక్షణ కేంద్రంలో చేతిపని నేర్పే మనిషి కావాలని విని వెళ్ళాడు. విమానాల మీద పనిచేసినట్టు కాయితం తెమ్మన్నారు. ఇవ్వాల్సిన కంపెనీయే లోకంలో లేదు, తన దగ్గరున్న కాయితాలేమో భివండిలో వానలకి ఇంట్లోకి నీళ్ళొచ్చి నానిపోయాయట.

“నా పని కండ్లార చూసినోళ్ళల్ల ఇగ మీరే ఉన్నరు సార్. ఒక ఉత్తరం రాసియ్యున్రి, సాలు” అన్నాడు.

ఉత్తరమైతే ఫోనులోనే పంపొచ్చు. కాని మా కంపెనీ గురించి ఇన్నేళ్ళకి ఒకరు అడిగారు. ఉత్తరంతో సరిపెట్టబుద్ధి కాలేదు. “డెబ్బై ఒకటో ఏట మోకాళ్ళకి నూనె రాసుకుంటూ సాక్ష్యానికి సముద్రం దాటతారా?” అని మా ఆవిడ అంది. దాటాను.

వాడి కబీర్

మస్కట్‌లో మా మేనకోడలు శిరీష ఉంటుంది. వాడి కబీర్ అనే పేటలో, కింద కార్ల గ్యారేజీలు, పైన కాపురాలు ఉన్న వీధి. పొద్దున్నే స్కూలు బస్సుల హారన్లు, ఆ వెనకే సుత్తి దెబ్బలు. శిరీష అక్కడి ఇండియన్ స్కూల్లో సైన్సు చెబుతుంది. వంటింట్లో పెసరట్టు, బాల్కనీలో కరివేపాకు కుండీ, పక్కింట్లో మలయాళం పాటలు. కాకినాడ నుంచి బయల్దేరి కాకినాడకే వచ్చానేమో అనుకున్నాను, వీధి చివర కూరగాయల కొట్టుకి వెళ్ళేదాకా. గోంగూర కట్ట నాలుగొందల బైసాలట. మన డబ్బుల్లో తొంభై రూపాయలకి తక్కువ కాదు. ఆ కట్టని అటూ ఇటూ తిప్పి చూసి, మా ఇంటి వెనక దడి పక్కన ఊరికే మొలిచే గోంగూరని తలుచుకుని, పెట్టేశాను. కొట్టువాడు నవ్వి ఒక నిమ్మకాయ ఊరికే చేతిలో పెట్టాడు. బేరమాడకుండా వెళ్ళిపోతున్న ముసలాయన మీద జాలి పడి ఉంటాడు.

రాత్రి భోజనాలయ్యాక నా ఉత్తరం శిరీషకి చూపించాను. మంచి బాండు కాయితం మీద, నా చేత్తో రాసింది. చదివి కళ్ళజోడు తీసింది.

“మావయ్యా, ఒకటడుగుతాను, కోప్పడకూడదు. మొత్తం మూడు పేజీలు. ఇందులో రాజమల్లు గారి గురించి ఎన్ని లైన్లున్నాయి?”

“ఉన్నాయి కదే.”

“రెండు. మిగతాదంతా మీ కంపెనీ వైభవమే. ఉద్యోగం కావాల్సింది ఆయనకా, కంపెనీకా?”

మా అక్క నోరే దీనికీ వచ్చింది. మర్నాడు కూర్చుని మళ్ళీ రాశాను. మొదటి పేజీ నిండా రాజమల్లే. ఏ విమానం మీద ఏం చేశాడో, ఎన్ని పండుగలు డ్యూటీలో గడిపాడో, అన్నీ. కాని కంపెనీ గురించి రాసిన రెండు పేజీలు తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. వెనకాల జత చేసి స్టేప్లర్ పిన్ను కొట్టాను. శిరీష చూసి తల పట్టుకుంది.

సమాయిల్

మస్కట్ దాటాక గంటకు పైగా రెండు పక్కలా కొండలే, కాలిన ఇనుము రంగులో. వాటి మధ్య ఉన్నట్టుండి ఒక పచ్చటి గీత మొదలవుతుంది. అదే సమాయిల్. మైళ్ళ పొడవునా ఖర్జూరాలు.

రాజమల్లు రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, నడుం మాత్రం వంగలేదు. వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే పట్టుకుని ఆపాను. నన్ను కిందా మీదా చూసి, “సార్, మీరు జర సుత బక్కవడలేదు” అన్నాడు. బొంబాయిలో కూడా నన్ను చూసి ఆ మాటే అనేవాడు.

అతని రూమ్‌లో నలుగురు ఉంటారు. నేనొస్తున్నానని సర్వపిండి చేశాడు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి, మూకుడుకి చేత్తో ఒత్తి, నడుమ వేలితో గుంటలు పెట్టి కాల్చినది. మా కాకినాడలో ఈ రొట్టె ఎరగం. ఎరగనందుకు అరగంట సేపు విచారించి, మూడు తిన్నాను.

సాయంత్రం ఒక తోటకి తీసుకెళ్ళాడు. యజమాని హమూద్ గారు, నా వయసాయనే, తెల్లటి పొడుగు చొక్కా, నడుముకి బెల్టు, చేతిలో సన్నటి కర్ర. అక్కడ మంచీ చెడూ అడగడమే ఒక పెద్ద పని. ఆరోగ్యం, ఇల్లు, పిల్లలు, ప్రయాణం, ఊళ్ళో వానలు, అన్నీ ఒకటి తరవాత ఒకటి అడిగి, జవాబు విని, దేవుడికి కృతజ్ఞతలు చెప్పి, అప్పుడు గాని అసలు మాటలోకి రారు. మన దగ్గర “బాగున్నారా” అని జవాబు వినకుండానే వెళ్ళిపోతాం కదా, నాకు సిగ్గేసింది.

చాప మీద ఖర్జూరాలు, తేనె రంగు హల్వా, యాలకుల వాసనతో చేదు కాఫీ. కాఫీ గిన్నె మన ఉగ్గుగిన్నె అంత ఉంటుంది. తాగేశాను, పోశారు. మళ్ళీ తాగేశాను, మళ్ళీ పోశారు. మన విస్తరి మర్యాద ప్రకారం గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన ఓపిగ్గా నేను చెయ్యి తీసేదాకా ఆగి మళ్ళీ పోశారు. ఆరో గిన్నె దగ్గర రాజమల్లు గుసగుసగా, “సార్, సాలనుకుంటె గిన్నెను అటిటు ఊపియ్యాలె” అన్నాడు. “మొదటి గిన్నెకే చెప్పొచ్చు కదయ్యా!” అన్నాను. “మీకు నచ్చిందనుకున్న సార్” అన్నాడు.

తోటలోకి కాలువ నీళ్ళు వస్తాయి. కొండ మొదట్లో ఎక్కడో తవ్వి, వాలు చూసి తెచ్చిన కాలువ. ఎవరి వంతు వారిది. పూర్వం పుల్ల నీడ కొలిచి వంతులు పంచుకునేవారట, ఇప్పుడు చేతి గడియారం చూసుకుంటున్నారు. మా గోదావరి కాలవల దగ్గర వంతుల కోసం పారలెత్తడం చూసి పెరిగినవాణ్ణి, ఇంత నెమ్మదిగా నీళ్ళు పంచుకోవచ్చా అని నోరు వెళ్ళబెట్టాను. కాలువ అందని మెరక తోటలకి బావులు, పంపులు. ఆ పంపులన్నీ రాజమల్లువే.

హమూద్ గారు అరబ్బీలో ఏదో చెబుతున్నారు. రాజమల్లు తల వంచుకుని ఊరుకున్నాడు. “ఏమంటున్నారో చెప్పవయ్యా” అని గదమాయిస్తే, నేలచూపులు చూస్తూ చెప్పాడు. “అందరు పంపు బాగుచేసి పోతరట సార్. నేను బాగుచేసినంక రెండొద్దులకు మళ్ళొచ్చి దాని సప్పుడు ఇని పోతనట. గట్ల ఎవ్వలు చెయ్యరట.”

ఎవరు నేర్పారు అని ఆయన నన్నడిగారు. నేను కంపెనీ పేరు చెప్పాను. ఆయన కర్రతో నేల మీద తట్టి, ఆ పేరు మళ్ళీ పలికారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి కంటి ఆపరేషన్‌కి బొంబాయి వెళ్ళినప్పుడు ఆ కంపెనీ విమానం తోక చూశారట. అంత ఎత్తు ఇల్లు కూడా అప్పటికి తాను చూడలేదన్నారు. ఎడారి దేశంలో, ఖర్జూర చెట్ల కింద, మా విమానం తోక గుర్తున్న మనిషి! ఏడో గిన్నె కాఫీ కూడా తాగేశాను.

తిరిగొస్తుంటే రాజమల్లు చెప్పాడు. “అచ్చిన కొత్తల అందరికి చెప్పేటోన్ని సార్, నేను విమానాలు చేసిన అని. నవ్విన్రు. విమానాలు చేసినోనివి గీ బోరింగుల కాడ ఏం చేస్తున్నవ్ అన్నరు. ఇగ చెప్పుడు బందువెట్టిన. నాకే ఒక్కొక్కపారి అనిపిస్తది, నిజంగ చేసిన్నా, కల గన్నానా అని.”

ఉద్యోగం కంటే కూడా అదే అతని బాధ అని నాకప్పుడు అర్థమైంది.

నిజ్వా శుక్రవారం సంత

శుక్రవారం పొద్దున నిజ్వా కోట పక్కన మేకల సంత. కొనేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు, అమ్మేవాళ్ళు మేకని పట్టుకుని వాళ్ళ మధ్య గిరగిరా తిప్పుతూ ధర అరుస్తుంటారు. ఎవరైనా చెయ్యెత్తితే ఆగుతారు, మేక పళ్ళు చూపిస్తారు. మన సంతల్లో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని గుట్టుగా బేరం చేస్తారు కదా, ఇక్కడ అంతా బాహాటం. ఒక బొచ్చు మేక నూట పది రియాల్‌లకి పోయింది. రూపాయల్లోకి మారిస్తే పాతిక వేల దాకా తేలింది, నమ్మలేక రెండోసారి మార్చాను.

ఆ లెక్కలో ఉండగానే ప్రమాదం జరిగింది. నా గుడ్డ సంచి భుజం నుంచి జారి వేలాడుతోంది. అందులో ఉత్తరం ఉంది. వెనక నుంచి ఎవరో లాగినట్టయి తిరిగి చూస్తే, ఒక నల్ల మేక నా బాండు కాయితాలు ప్రశాంతంగా నములుతోంది. రాజమల్లు ఉరికి దాని నోట్లోంచి లాగాడు. మొదటి పేజీ అంచులు కొరికి వదిలేసింది. కంపెనీ వైభవం రాసిన రెండు పేజీలు మాత్రం పూర్తిగా మింగేసింది. శిరీషకి ఫోన్ చేసి చెబితే పడీ పడీ నవ్వి, “మేక కూడా నా మాటే అంది మావయ్యా” అంది.

సంత పక్కనే చాయ్ కొట్టు. వంద బైసాలకి చిక్కటి చాయ్, ఇంకో రెండొందలకి అట్టులాంటి పల్చటి రొట్టె మీద గుడ్డు కొట్టి మడిచిస్తారు. అక్కడ సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి సైట్లలో పనిచేసేవాళ్ళు శుక్రవారాలు కలుసుకుంటారు. రాజమల్లుని అందరూ రాజన్నా అంటున్నారు. గంగారాం అని ఒకాయన నేనెవరని, ఎందుకొచ్చానని అడిగాడు. ఆదివారం శిక్షణ కేంద్రానికి వెళ్ళే సంగతితో సహా చెప్పాను. అతని చేతిలో చాయ్ అలాగే ఆగిపోయింది.

“మా రాజన్న విమానాలు చేసిండా? పదిహేనేండ్ల సంది ఒక్క గిన్నెల తిన్నం, ఎన్నడన్న చెప్పినవా అన్నా?”

“చెప్తె నమ్ముతవారా?” అన్నాడు రాజమల్లు.

“సారు చెప్తున్నడు గద, నమ్మకేం జేస్త? ఐతవారం ఏమైతదో డ్యూటీల ఉన్నా సరే ఫోన్ చెయ్యి. మేమందరం సూస్తుంటం.”

అప్పటిదాకా ఇద్దరం మోస్తున్న బరువు ఇప్పుడు పదిమంది చేతుల్లోకి వెళ్ళింది. తేలికైందో, ఎక్కువైందో తెలియలేదు. ఓడిపోయి ఈ మనుషుల ముందుకు అతను తిరిగి రావాలంటే ఎలాగ అని నాకు దిగులు పట్టుకుంది.

ఆదివారం, షెడ్డులో

శిక్షణ కేంద్రం నిజ్వా నుంచి అరగంట దూరంలో, రాళ్ళ మైదానంలో ఉంది. దాని అధికారి పేరు సలీం. అందరూ ముదీర్ అంటారు, పెద్దాఫీసరు అని. నలభై అయిదేళ్ళుంటాయి, తల మీద దారపు పని చేసిన టోపీ, మాటలో తొందర లేదు. కాఫీ తెప్పించారు. ఒక గిన్నె తాగి ఊపి ఇచ్చాను. ఆయన కళ్ళతోనే మెచ్చుకున్నారు.

అంచులు కొరికిన ఉత్తరం రెండుసార్లు చదివారు. “మిగతా పేజీలు?” అని ఇంగ్లీషులో అడిగారు. మేక తినేసిందని నిజం చెప్పాను. నవ్వు ఆపుకుని ఉత్తరం బల్ల మీద పెట్టారు.

“మీరు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు. కాని ఈ కంపెనీ ఇవాళ లేదు. అది చెప్పాల్సింది మీరు చెబుతున్నారు. మరి మీ గురించి ఎవరు చెబుతారు? రేపు పైవాళ్ళు అడిగితే నేనేం చూపించాలి?”

పద్నాలుగేళ్ళు మెడలో వేలాడిన కార్డు ఆ చలికాలపు ఉదయమే తిరిగిచ్చేశాను. సాక్షిననుకుని వచ్చినవాణ్ణి, నాకే సాక్షి కావలసి వచ్చింది.

రాజమల్లు లేచి నిలబడ్డాడు. “సర్, కాగజ్ ఛోడో. కామ్ దేఖో” అన్నాడు, కాయితం వదిలేసి పని చూడమని. అక్కడ చాలామందికి హిందీ అర్థమవుతుంది.

షెడ్డులో ఒక పాత రెండు ఇంజన్ల చిన్న విమానం ఉంది. ఎగరడం మానేసి చాలా కాలమైంది, పిల్లలు నేర్చుకోవడానికి ఉంచారు. చుట్టూ పన్నెండుమంది విద్యార్థులు, అందులో నలుగురు ఆడపిల్లలు. ముదీర్ పని చెప్పారు. ఎడమ చక్రం విప్పాలి, బ్రేకు చూడాలి, మళ్ళీ బిగించాలి.

రాజమల్లు ముందు విమానం చుట్టూ ఒకసారి నడిచాడు. తరవాత జాకీ పెట్టాడు. ఆ చేతుల్ని చూడడం నాకు ముప్పై ఏళ్ళ తరవాత మళ్ళీ అదే మొదలు. ఎక్కడా తడుముకోలేదు. చక్రం దించాడు, బ్రేకు పలకల మందం కొలిచాడు, తుడిచాడు, ఎక్కించాడు. చివర్న బోల్టులకి తీగ కట్టాలి. అవి అదురుకి వదులు కాకుండా సన్నటి ఉక్కు తీగని మెలి తిప్పి ఒకదానికొకటి కడతారు, వదులవబోయే బోల్టుని పక్కది బిగించే వైపుకి లాగేటట్టు. మెలికలన్నీ ఒక్క తీరుగా పడాలి. అతను కట్టిన తీగ జడ అల్లినట్టు ఉంది. ఒక ఆడపిల్ల ఫోనుతో దాన్ని ఫొటో తీసుకుంది.

నేను ఊరికే నిలబడగలనా? పనిముట్ల పలక మీద నుంచి పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం, పళ్ళ డాక్టరు వాడేలాంటిది, తీసుకుని బ్రేకు వెనకాల తొంగి చూశాను. ఆ పక్కనున్న విద్యార్థులకి మా జంబోకి పద్దెనిమిది చక్రాలుండేవని చెప్పడం మొదలుపెట్టాను. వాళ్ళు నోళ్ళు తెరిచి వింటుంటే నాకింకా ఉత్సాహం వచ్చింది.

“చాలా బాగా చేశారు” అన్నారు ముదీర్, పని కాయితం ముందుకు జరుపుతూ. “సంతకం చెయ్యండి.”

రాజమల్లు కలం తీసుకోలేదు. పలక దగ్గరికి వెళ్ళాడు. దాని మీద ప్రతి పనిముట్టు ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది, దేనిచోట దాన్ని తగిలించాలి. విమానం వదిలే ముందు పలక నిండాలి. ఒక్క ఆకారం ఖాళీగా ఉన్నా, ఆ పనిముట్టు విమానంలో ఎక్కడో మిగిలిపోయిందని అర్థం. వేలితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టి ఆగాడు. ఒకటి ఖాళీగా ఉంది, చిన్న అద్దానిది. దాన్ని చక్రం పక్కనే పెట్టి వచ్చాననే నా నమ్మకం.

“పర్వాలేదు, ఇది ఎగిరే విమానం కాదు” అన్నారు ముదీర్. “తరవాత వెతికిస్తాను. సంతకం చేసెయ్యండి.”

చేస్తే ఉద్యోగం వచ్చినట్టే. నాకే అనిపించింది, చెయ్యవయ్యా బాబూ అని.

“నో సర్” అన్నాడు రాజమల్లు. “టూల్ నహీ మిలా తో సైన్ నహీ.”

అని, అంత అందంగా కట్టిన తీగని కత్తిరించాడు. బోల్టులు విప్పి చక్రం మళ్ళీ కిందికి దించాడు. బ్రేకు వెనక, చక్రం గూట్లో, గొట్టాల సందుల్లో టార్చి వేసి వెతుకుతున్నాడు. అరగంటయింది. ముదీర్‌కి ఫోన్లు వస్తున్నాయి, మీటింగు ఉందట. గంటయింది. ఎక్కడినుంచో మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించింది. ముదీర్ ముఖంలో మెచ్చుకోలు పోయి విసుగు వచ్చింది. అయినా ఆయన వెళ్ళలేదు.

నేను కూడా మోకాళ్ళ మీద విమానం కిందికి దూరాను. వంగేసరికి తొడ దగ్గర ఏదో గుచ్చుకుంది. చెయ్యి పెట్టి తడిమాను. ప్యాంటు పక్క జేబులో అద్దం కాడ.

జంబో కబుర్లు చెబుతూ జేబులో పెట్టేసుకున్నాను! ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు ఇలాంటి పని చేసినవాళ్ళని నేను ఎంతెంత మాటలన్నానో. చుట్టూ చూశాను. ఎవరూ నా వైపు చూడడం లేదు. ఆ అద్దాన్ని మెల్లగా బ్రేకు వెనకాల జారవిడిస్తే, ఇదిగో దొరికిందని నేనే అరవొచ్చు. నా పరువు దక్కుతుంది. కాని అప్పుడు పనిముట్టు మరిచిపోయినవాడు రాజమల్లు అవుతాడు. ఏడేళ్ళలో నేను పట్టలేని తప్పుని ఇవాళ నా చేత్తో నేనే అతని మీద పెట్టినట్టవుతుంది. బయటపెడితే మాత్రం, ఇతనేనా సాక్షి అంటారు, ఉత్తరం విలువ ఆ మేక తిన్నదాంతో సమానమవుతుంది.

విమానం కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చి, జాకీ పట్టుకుని లేచాను.

“ముదీర్ గారూ, నా జేబులో ఉంది. నేనే పెట్టుకున్నాను. తప్పు నాది” అని ఇంగ్లీషులో అందరికీ వినబడేలా చెప్పాను.

వెనకాల ఒక ఆడపిల్ల కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. రాజమల్లు చేతిలో టార్చి ఆర్పి, గట్టిగా ఊపిరి వదిలాడు.

ముదీర్ నా దగ్గరికి వచ్చి అద్దం తీసుకున్నారు. “చెప్పకుండా ఉండొచ్చు కదా?” అన్నారు.

“మా దగ్గర పొరపాటు చేసి చెప్పినవాణ్ణి ఏమీ అనేవారు కాదు సార్. దాచినవాణ్ణి మర్నాడు గేటులోకి రానిచ్చేవారు కాదు.”

“ఇంత క్రమం ఉన్న కంపెనీ ఎందుకు మూతబడింది?”

“పైన పెద్దలు డబ్బు లెక్క తప్పారు. కింద షెడ్డులో మేం పనిముట్ల లెక్క తప్పలేదు” అన్నాను. “ఇవాళ తప్పింది. అది నా వల్ల.”

ఆయన అద్దాన్ని పలక మీద దాని చోట తగిలించి, విద్యార్థుల వైపు తిరిగి అరబ్బీలో నెమ్మదిగా ఏదో చెప్పారు. తరవాత మాతో అన్నారు. “పైవాళ్ళు అడిగితే ఏం రాయాలో నాకు తెలిసింది. ఉద్యోగం చేతిలో పెడుతుంటే, ఒక అద్దం కోసం గంట సేపు నన్ను నిలబెట్టాడని రాస్తాను. చక్రం బిగించండి రాజమల్లు. వచ్చే ఆదివారం నుంచి ఇదే వీళ్ళకి నేర్పాలి.”

రాజమల్లుకి ఇంగ్లీషు అర్థమైందో లేదోనని నేను తెలుగులో చెప్పబోయాను. అక్కర్లేదన్నట్టు తలూపి, చక్రం వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతుంటే బరువెత్తుతున్నాడేమో అనుకున్నాను. చక్రం ఇంకా నేల మీదే ఉంది. నేను కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. మా కంపెనీ బతికున్న రోజుల్లో కూడా దాన్ని చూసి నాకింత గర్వం కలగలేదు.

ఈసారి నేనూ ఒక చెయ్యి వేశాను, చక్రం మళ్ళీ ఎక్కింది. తీగ మళ్ళీ పడింది, మొదటిదాని కన్నా బాగా. పలక నిండింది. పని కాయితం మీద రెండు గళ్ళున్నాయి. కింద గడిలో పనిచేసిన మెకానిక్కు సంతకం, పై గడిలో సరిచూసిన ఇన్‌స్పెక్టరు సంతకం. ముదీర్ కాయితం నా వైపు జరిపి, “మీరు పైన చెయ్యండి, పాత పద్ధతిలోనే” అన్నారు.

ఏడేళ్ళూ రాజమల్లు కిందే చేశాడు, నేను పైన చేశాను. అతని ఇన్‌స్పెక్టరు పరీక్షకి ఇంకా మూడు నెలలున్నాయనగా ఆ టెలెక్స్ వచ్చింది. నేను కలం తీసుకుని కింద గడిలో సంతకం చేసి, కాయితం అతని ముందు పెట్టాను.

“వద్దు సార్, పైది మీది” అన్నాడు రాజమల్లు.

“పనిముట్టు పోగొట్టినవాడు ఇన్‌స్పెక్టరెలా అవుతాడయ్యా? అది దొరికేదాకా కలం ముట్టనివాడు అవుతాడు. పెట్టు.”

ఆ ఖాళీ గడి చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని కలం అందుకున్నాడు. కాయితం మీద పెట్టబోయి ఆగి, నా వైపు తిరిగాడు.

“సార్, ఏమనుకోకున్రి. జేబులు ఒక్కపారి చూపెట్టున్రి.”

పన్నెండుమంది విద్యార్థుల ముందు, ముదీర్ ముందు, నా రెండు జేబులూ బయటికి లాగి చూపించాను. రుమాలు, మస్కట్‌లో కూరగాయల కొట్టువాడిచ్చిన నిమ్మకాయ, అంతే. రాజమల్లు రెండూ చూసి, తలూపి, అప్పుడు పైన సంతకం చేశాడు.